థ్రాటిల్ తోయగానే ఇంజిన్ అందుకోదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ జిల్లా పేజీలో హన్మకొండలో కొత్తగా పెట్టిన విమాన సిమ్యులేటర్ సెంటర్ గురించి ఫొటోతో సహా వార్త వేశారు. "అచ్చం నిజం విమానం నడిపినట్టే" అని హెడ్డింగ్ పెట్టారు. ఆ వార్త చూసే మా మనవడు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. వాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పైలట్ కావాలని ఎనిమిదో తరగతి నుంచీ ఒకటే పట్టు. వెళ్లి చూసి వచ్చాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి, ఎందుకంటే మధ్యలో ముక్క తీసేస్తే చెప్పదలుచుకున్నది అర్థం కాదు.

డబ్బు కట్టి ఇరవై నిమిషాలు తీసుకున్నాం. సీటు బాగుంది, తెర పెద్దది, శంషాబాద్ రన్‌వే కళ్ల ముందు ఉన్నట్టే ఉంది. దిగేటప్పుడు మావాడు కంగారులో థ్రాటిల్, అంటే ఇంజిన్ బలం పెంచే తగ్గించే లివర్, పూర్తిగా వెనక్కి లాగేశాడు. విమానం రన్‌వేకి ఇంకా దూరంగా ఉండగానే కిందికి జారిపోతోంది. పక్కన నిలబడ్డ కుర్రాడు "పవర్, పవర్" అన్నాడు. మావాడు లివర్ తోశాడు. నేను వెనక నుంచి ముళ్లనే చూస్తున్నాను. ఎన్-1 అనే ముల్లు, అంటే ముందున్న పెద్ద ఫ్యాన్ ఎంత శాతం తిరుగుతోందో చూపేది, 30 దగ్గర ఉన్నది వాడి చెయ్యితో పాటే 95కి పోయింది. చెయ్యి ఆగిన చోట ముల్లు ఆగింది. విమానం లిఫ్టులాగా పైకి లేచింది, చక్కగా దిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. మావాడు మాత్రం నా వైపు తిరిగి చూశాడు, వాడికి తెలుసు కాబట్టి.

బయటికి వచ్చేటప్పుడు ఆ కుర్రాడిని అడిగాను, ఇంజిన్ ఇంత తొందరగా ఎలా అందుకుంది బాబూ అని. చాలా మర్యాదగా చెప్పాడు: "సార్, లేట్ పెడితే పిల్లలు లివర్ పని చేయట్లేదనుకుంటున్నారు, అందుకే సెట్టింగ్‌లో తీసేసినం." అతని మీద నాకేం కోపం లేదు. కానీ ఆ ఆలస్యమే కదా అసలు పాఠం! దాన్ని తీసేసి మిగతాది ఎంత అందంగా చూపించినా, పిల్లవాడి చేతికి తప్పుడు అలవాటు నేర్పినట్టే.

నేనెవరిని ఈ మాట అనడానికి అంటే, పైలట్‌ని కాను, విమాన ఇంజినీర్‌ని కూడా కాను. కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో ముప్పై ఏళ్లకు పైగా పని చేసి రిటైరైన టెక్నీషియన్‌ని. అందులో ఎక్కువ కాలం టర్బోల మీదే. ఆల్కో అనే పాత డీజిల్ రైలింజిన్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెప్తాను. డ్రైవర్ దగ్గర ఎనిమిది నాచ్‌లు, అంటే బలం పెంచే మెట్లు, ఉంటాయి. ఐడిల్ నుంచి, అంటే ఇంజిన్ ఊరికే నిదానంగా తిరిగే స్థితి నుంచి, గబగబా పై నాచ్‌కి వేస్తే చిమ్నీలోంచి నల్లటి పొగ గుప్పున వస్తుంది. కాజీపేట జంక్షన్‌లో బండి కదిలేటప్పుడు ఆ పొగ చూడని పాతతరం వాళ్లుండరు. ఆ పొగ ఎందుకు? డీజిల్ ముందు పోయింది, గాలి ఇంకా రాలేదు. గాలిని తోసేది టర్బో. టర్బోని తిప్పేది ఎగ్జాస్ట్. ఎగ్జాస్ట్ పెరగాలంటే ముందు సిలిండర్లలో మంట పెరగాలి. ఈ చక్రం ఒక చుట్టు తిరిగి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఎవరు తొందరపెట్టినా అంతే. పరీక్ష కోసం ఇంజిన్ మీద భారం మోపే లోడ్ బాక్స్ మీద పెట్టి నాచ్ నాచ్‌కీ బూస్టర్ ఎయిర్ ప్రెషర్ రాసుకునేటప్పుడు గేజ్ ముల్లు ఎట్లా బద్ధకంగా లేచి, సగం దాటాక ఎట్లా ఊపు అందుకుంటుందో నా కళ్లకు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

జెట్ ఇంజిన్ అంటే ఆ టర్బోనే. మధ్యలో పిస్టన్లు తీసేసి, కంప్రెసర్‌కీ టర్బైన్‌కీ నడుమ నేరుగా మంట పెట్టినట్టు అనుకోండి. ముందు గాలిని నొక్కేది కంప్రెసర్, తర్వాత ఇంధనం కలిసి మండే గది, వెనక ఆ వేడి గాలికి తిరిగే టర్బైన్, దానికీ కంప్రెసర్‌కీ ఒకటే షాఫ్ట్. ఇప్పుడు మనం ఎక్కే బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ320 లాంటి వాటిలో ఇలాంటి షాఫ్ట్‌లు రెండు, ఒకదానిలో ఒకటి. లోపలిది ముందున్న పెద్ద ఫ్యాన్‌ని తిప్పుతుంది, దాని వేగమే ఎన్-1. బయటి షాఫ్ట్ మీద ఎక్కువ ఒత్తిడి కంప్రెసర్ ఉంటుంది, దాని వేగం ఎన్-2. పైలట్ థ్రాటిల్ తోస్తే వెంటనే పెరిగేది ఇంధనం మాత్రమే. ఇంధనం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడికి టర్బైన్ బలం పుంజుకుంటుంది, ఆ బలంలోంచి కంప్రెసర్‌కి కావలసింది పోగా మిగిలింది ఏదైతే ఉందో అదే షాఫ్ట్ వేగాన్ని పెంచుతుంది. ఐడిల్ దగ్గర ఆ మిగులు చాలా తక్కువ. ఇసుర్రాయి మొదటి చుట్టు తిప్పడానికి ఎంత బరువో, తిరగడం మొదలయ్యాక ఎంత తేలికో మన అమ్మమ్మలకు తెలుసు. ఇదీ అంతే.

మరి ఇంధనం ఒక్కసారే ఎక్కువ పోస్తే తొందరగా తిరగదా అంటే, తిరగదు. గాలి చాలనప్పుడు మంట ఎక్కువైతే కంప్రెసర్ ఊపిరాడక గాలి వెనక్కి తన్నుతుంది, దాన్నే సర్జ్ అంటారు, తుపాకి పేలినట్టు చప్పుడు వస్తుంది. లేదా టర్బైన్ బ్లేడ్లు కాలిపోతాయి. అందుకే ఇప్పటి ఇంజిన్లలో ఒక కంప్యూటర్ కూర్చుని, పైలట్ లివర్ ఎంత వేగంగా తోసినా సరే, ఇంజిన్ తట్టుకోగలిగినంత ఇంధనమే వదులుతుంది. నియమాల ప్రకారం గాల్లో ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ టేకాఫ్ బలంలో 95 శాతానికి 5 సెకన్లలోపు చేరాలి. విమానానికి పెట్టే పరీక్షలోనేమో, దిగబోతూ మళ్లీ పైకి లేవాల్సి వస్తే లివర్ కదిలించిన 8 సెకన్లకు వచ్చే బలాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఎనిమిది సెకన్లు అంటే మనకు ఏమీ అనిపించదు. దిగే విమానం గంటకు 260 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ ఎనిమిది సెకన్లలో అర కిలోమీటరు పైన ముందుకు పోతుంది, మామూలు వాలులో వంద అడుగులు కిందికి దిగుతుంది. ఆ వంద అడుగులు చేతిలో ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న.

1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో కూలిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320 సంగతి మీ పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బొంబాయి నుంచి వచ్చిన విమానం, 146 మంది ఉన్నారు, 92 మంది చనిపోయారు. ఇంజిన్లు పాడైపోలేదు. దిగేటప్పుడు అవి ఐడిల్‌లోనే ఉండిపోయాయి, వేగం తగ్గుతూ వచ్చింది, సంగతి తెలిసి లివర్లు తోసేసరికి మిగిలిన సెకన్లు ఇంజిన్లకు చాలలేదు. రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో పడింది. అంతకు రెండేళ్ల ముందు, 1988 జూన్‌లో, ఫ్రాన్స్‌లో హాబ్‌షైమ్ దగ్గర ప్రదర్శనకు తెచ్చిన ఎ320 కూడా అలాగే తక్కువ ఎత్తులో, ఐడిల్‌లో ఉన్న ఇంజిన్లతో వచ్చి చెట్లలోకి పోయింది. ఈ రోజుకీ పైలట్లకు 1,000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వాలు కుదిరి, ఇంజిన్లు ఐడిల్ మీద కాకుండా కొంత తిరుగుతూ ఉండాలని, లేకపోతే దిగడం మానుకుని పైకి పోవాలని నేర్పుతారంటే కారణం ఇదే. 737లో అయితే దిగడానికి ఫ్లాప్‌లు, అంటే రెక్కల వెనక ఉండే పలకలు, దించాక ఇంజిన్ తనంతట తానే ఐడిల్ కొంచెం పెంచుకుంటుంది, అవసరమైతే తొందరగా అందుకోవడానికి. ఇన్ని ప్రాణాలు పోయి నేర్చుకున్న విషయాన్ని "పిల్లలు లివర్ పని చేయట్లేదనుకుంటున్నారు" అని సెట్టింగ్‌లో తీసేస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. మావాడి వయసు పిల్లలు అక్కడ రోజూ పదుల సంఖ్యలో వరుస కడుతున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో సంగతి చెప్తాను, ఎందుకంటే పెద్ద ఖర్చు లేకుండా దీన్ని సరిగ్గా చేయొచ్చని మేము చూశాం.

మావాడి కంప్యూటర్‌లో ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉంది. పూర్తిగా ఉచితం, 1997 నుంచీ ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాస్తూ వస్తున్నారు. దాని లోపలి ప్రోగ్రామ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. విమానం ఎగిరే లెక్కలు చేసే భాగాల్లో ఒకదాని పేరు జేఎస్‌బీసిమ్. అందులో ప్రతి ఇంజిన్‌కీ ఒక చిన్న ఫైల్ ఉంటుంది: గరిష్ఠ బలం ఎంత, ఐడిల్‌లో ఎన్-1, ఎన్-2 ఎంత, బైపాస్ నిష్పత్తి (మంట గదిలోకి పోకుండా పక్కనుంచి పోయే గాలి వాటా) ఎంత, ఎత్తు పెరిగినా వేగం పెరిగినా బలం ఎలా మారుతుంది, ఇట్లా. ఒక రాత్రి మావాడు నన్ను పిలిచి, "తాతా, ఈ వేడి ముల్లు లివర్‌కు కట్టేసినట్టుంది, ఇంజిన్‌కు కాదు" అన్నాడు. చూస్తే నిజమే. లివర్ కదిపితే టర్బైన్ వెనక వేడి, దాన్ని ఈజీటీ అంటారు, అదే క్షణంలో ఎగిరి కొత్త అంకె మీద కూర్చుంటోంది. ప్రోగ్రామ్ తెరిచి చూశాం. ఒకే ఒక్క లైను: బయటి గాలి వేడికి 363.1 కలుపు, లివర్ ఎంత తోశారో దాన్ని 357.1తో గుణించి అదీ కలుపు. అయిపోయింది. ఏ ఇంజిన్ అయినా ఇదే లెక్క. ఆయిల్ ప్రెషర్ అయితే ఎన్-2ని 0.62తో గుణించడమే.

ఇది రాసినవాళ్లను తప్పు పట్టడం లేదు. అందరికీ పనికొచ్చే ఒక మొదటి మెట్టు కట్టి, మీ ఇంజిన్‌కి మీరు సొంత లెక్క రాసుకోండని వీలు కూడా ఇచ్చారు. ఫ్యాన్ మెల్లగా అందుకునే లెక్క అందులో ముందే ఉంది, ఐడిల్ దగ్గర నిదానంగా, పైన తొందరగా. బలం కూడా తిరుగుడుకి వర్గంగా పెరుగుతుంది, అంటే సగం తిరిగితే సగం బలం రాదు, పావు వంతే. ఆ మాత్రం కూడా హన్మకొండ సెంటర్‌లో లేదనే నా బాధ.

వేడి లెక్క మేమే మార్చుకున్నాం. నా అనుభవం పనికొచ్చింది ఇక్కడే. నిజం ఇంజిన్‌లో ఆల్కో పొగ లాగే జరుగుతుంది: లివర్ తోస్తే ఇంధనం ముందు పెరుగుతుంది, గాలి వెనక వస్తుంది, ఆ మధ్యలో వేడి అవసరమైన దానికంటే పైకి పోయి, గాలి అందుకున్నాక కొంచెం దిగి నిలబడుతుంది. కాబట్టి వేడిని లివర్‌తో కాదు, ఇంధనానికీ గాలికీ ఉన్న నిష్పత్తితో లెక్క కట్టాలి. అందుకు ఇంధనం ఎంత పోతుందో సరిగ్గా తెలియాలి. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే, ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ, ఐకావో, ఇంజిన్ల పొగ పరీక్షల ఫలితాలు అందరికీ ఉచితంగా పెట్టింది. ఒక్కో ఇంజిన్‌కి నాలుగు అంకెలు: టేకాఫ్ అంటే 100 శాతం బలం, పైకెక్కేటప్పుడు 85, దిగేటప్పుడు 30, నేల మీద ఐడిల్ 7 శాతం. 737-800కి వాడే సీఎఫ్‌ఎం56-7బీ ఇంజిన్ ఒక్కటి టేకాఫ్‌లో సెకనుకు సుమారు 1.2 కిలోల ఇంధనం తాగుతుంది, ఐడిల్‌లో 0.11 కిలో. గమనించారా, 7 శాతం బలానికి 9 శాతం ఇంధనం. ఊరికే నిలబడ్డప్పుడే దండుగ ఎక్కువ. ఆ నాలుగు చుక్కలు కలుపుతూ మావాడు గ్రాఫ్ కాగితం మీద గీత గీశాడు, నేను ఎన్నో ఏళ్ల తర్వాత పెన్సిల్ చెక్కి పక్కన కూర్చున్నాను.

ఇంజిన్‌కి ఇచ్చే సర్టిఫికెట్ పత్రాలు కూడా అందరూ చూడొచ్చు. అదే ఇంజిన్‌కి ఎన్-1 వంద శాతం అంటే నిమిషానికి 5,175 చుట్లు, ఎన్-2 వంద శాతం అంటే 14,460 చుట్లు. టేకాఫ్‌లో ఈజీటీ 950 డిగ్రీలు దాటకూడదు, స్టార్ట్ చేసేటప్పుడు 725 దాటకూడదు. ఇవి రహస్యాలు కావు. పైలట్లు కాక్‌పిట్‌లో తీసిన వీడియోలు ముందు పెట్టుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, సెకను సెకనుకూ ముల్లు ఎక్కడుందో నోటుబుక్కులో రాసి మా ఫైల్‌తో పోల్చాం. వేసవి సెలవులు మొత్తం దీనికే పోయాయి. మా అమ్మాయి మొదట కసురుకుంది కానీ, వాడు ఫిజిక్స్‌లో టార్క్ చాప్టర్ తనంతట తానే మళ్లీ చదవడం చూసి ఊరుకుంది.

స్టార్ట్ చేయడం గురించి కూడా ఒక మాట. చాలా సిమ్యులేటర్లలో బటన్ నొక్కితే ఒక సినిమా నడిచినట్టు ముళ్లన్నీ వరుసగా లేచి ఆగుతాయి. నిజంలో అట్లా కాదు. ముందు గాలి పెట్టి స్టార్టర్ ఎన్-2ని తిప్పుతుంది, 25 శాతం దగ్గరికి వచ్చాక పైలట్ ఇంధనం వదులుతాడు, మంట అంటుకుంటే ఈజీటీ లేస్తుంది, 56 శాతం దగ్గర స్టార్టర్ తప్పుకుంటుంది, ఐడిల్‌కి చేరాక వేడి దిగి నిలబడుతుంది. 25 కాకముందే ఇంధనం వదిలితే గాలి చాలక వేడి హద్దు దాటి పోవచ్చు. స్టార్టర్‌కి గాలి బలం తక్కువైతే ఎన్-2 మధ్యలోనే వేలాడి ఉండిపోతుంది. ఈ రెండూ జరిగే అవకాశం సిమ్యులేటర్‌లో ఉంటేనే పిల్లవాడు ఆ ముళ్ల మీద కన్ను పెడతాడు. జరగదని తెలిస్తే కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాడు.

ఎండ సంగతికి వస్తాను. మన వరంగల్‌లో మే నెలలో 45 డిగ్రీలు, రామగుండం వైపు అయితే ఇంకా పైన. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు తొమ్మిదిన్నర శాతం పలచన. రెక్కలకూ తక్కువే, ఇంజిన్‌కీ తక్కువే. చాలా ఇంజిన్లను సముద్రమట్టం దగ్గర సుమారు 30 డిగ్రీల దాకా ఒకే బలం ఇచ్చేట్టు చేస్తారు. ఆ 30 లోపు బయటి గాలి వేడి ఒక డిగ్రీ పెరిగితే ఈజీటీ మూడు డిగ్రీల పైనే పెరుగుతుంది. 30 దాటాక ఇక వేడిని పెంచకుండా బలాన్నే తగ్గించుకుంటూ పోవాలి. మేము చూసిన ఆ ఒక్క లైను లెక్కలో మాత్రం డిగ్రీకి డిగ్రీనే. దానితో ఎగిరితే మే నెల మధ్యాహ్నం రెండు గంటలకూ సంక్రాంతి పొద్దున్నకీ ఇంజిన్ ముళ్లలో పెద్ద తేడా కనబడదు. నిజంలో అయితే ఆ మధ్యాహ్నం అదే విమానం అదే బరువుతో లేవడానికి ఎక్కువ రన్‌వే తింటుంది, లేదా బరువు తగ్గించుకోవాలి.

ఇది మనకెందుకు అంటారా? మామునూరు ఉంది కదా. నిజాం హయాంలో 1930లో కట్టిన విమానాశ్రయం, 1981 దాకా విమానాలు వచ్చిపోయిన చోటు. 2025లో కేంద్రం మళ్లీ పచ్చజెండా ఊపింది. అప్పటి నుంచీ రన్‌వే ఎంత పొడుగు, భూమి ఎంత కావాలి, ఎవరి పొలాలు పోతాయి అని మీ పేపర్‌లోనే ఎన్నో వార్తలు వచ్చాయి. అంత పొడుగు ఎందుకు కావాలి అని మా వీధిలో చాలామంది అడుగుతారు, భూమి పోయే రైతులు అడిగితే అది వాళ్ల హక్కు కూడా. దానికి జవాబులో ఒక భాగం ఈ ఎండే. మావాడు మా కొత్త ఇంజిన్ ఫైల్‌తో, 45 డిగ్రీల ఎండ పెట్టి, మామునూరు ఎత్తులో నిండు విమానాన్ని లేపి చూపించినప్పుడు పక్కింటి రైతు ఒకాయన, పదో తరగతి కూడా చదవని మనిషి, తెర మీద చక్రాలు ఎప్పుడు లేస్తాయా అని చూస్తూ "ఇంక లేస్తలేదేంది" అని లేచి నిలబడ్డాడు. ఆ ఒక్క నిమిషంలో ఆయనకు అర్థమైనంత నేను ఎంత మాట్లాడినా అయ్యేది కాదు. మా లెక్క ప్రభుత్వం లెక్కతో సమానమని అనడం లేదు, అది నిపుణుల పని. కానీ ఎండ పెరిగితే ఇంజిన్ ఏమవుతుందో కళ్లతో చూసి తెలుసుకునే సాధనం ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఇవ్వగలదు, ఇంజిన్ సరిగ్గా ఉంటే.

ఇంకో విషయం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా బోయింగ్ 787 కూలి, విమానంలోనూ కిందా కలిపి 260 మంది చనిపోయారు. ఆ తర్వాత వారాల తరబడి టీవీల్లో, ఫోన్లలో సిమ్యులేటర్ వీడియోలు తిరిగాయి. "ఇదిగో ఇలా జరిగింది, ఇలా చేసి ఉంటే బతికేవాళ్లు" అని. జులైలో వచ్చిన ప్రాథమిక నివేదికలో ఇంజిన్ల గురించి ఉన్నది వేరు. రెండు ఇంధన స్విచ్‌లూ సుమారు సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆగే వైపుకి, పోయాయి. దాదాపు పది సెకన్ల తర్వాత మొదటిది, ఇంకో నాలుగు సెకన్లకు రెండోది మళ్లీ రన్‌కి వచ్చాయి. రెండు ఇంజిన్లలోనూ మంట అంటుకుంది. మొదటి దాంట్లో పడిపోతున్న వేగం ఆగి తిరిగి పెరగడం మొదలైంది. రెండో దాంట్లో ఇంధనం మళ్లీ మళ్లీ వదిలినా వేగం పడిపోవడం ఆగలేదు. ఇదంతా జరిగిన మొత్తం సమయం అర నిమిషం. ఎవరు, ఎందుకు అన్నది నా ఉత్తరం విషయం కాదు, తుది నివేదిక రాకముందు ఎవరూ మాట్లాడకపోవడమే చనిపోయినవాళ్లకు మర్యాద. నేను చెప్పేది ఒకటే: స్విచ్ తిప్పగానే రెండు మూడు సెకన్లలో ఇంజిన్ లేచి కూర్చునే సిమ్యులేటర్‌లో తీసిన వీడియో దేనికీ రుజువు కాదు. అది చూసి మా కాజీపేట చౌరస్తా హోటల్‌లో మనుషులు "వెంటనే ఆన్ చేస్తే అయిపోయేది కదా" అని తీర్పులు చెప్పారు. ఆగిపోతున్న షాఫ్ట్‌ని మళ్లీ లేపడానికి ఎంత సమయం పడుతుందో ఏ వీడియో వాళ్లకు చూపలేదు.

మా షెడ్‌లో ఒక పరీక్ష ఉండేది. ఇంజిన్ ఆపేశాక టర్బో ఎంతసేపు తిరిగి ఆగుతుందో చెవి పెట్టి విని, గడియారం చూసి రిజిస్టర్‌లో రాసేవాళ్లం. తొందరగా ఆగిపోతే బేరింగ్ పట్టేస్తోందని అర్థం. అంటే ఆగిపోవడానికి కూడా ఒక లెక్క ఉంది. సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఆపితే ముల్లు గబుక్కున సున్నాకి పోతే నాకు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. గాల్లో ఆగిన ఇంజిన్ సున్నాకి పోనే పోదు, ఎదురుగాలికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, మళ్లీ స్టార్ట్ చేయడానికి ఆ తిరుగుడే ఆధారం అవుతుంది. ఈ భాగం మా ఫైల్‌లో ఇంకా సరిగ్గా కుదరలేదు. విమానం వేగం తగ్గేకొద్దీ తిరుగుడు ఎంత తగ్గాలో అన్న దగ్గర మావాడు ఆగిపోయాడు.

అందుకే మీ ద్వారా కొందరిని అడుగుతున్నాను. మన దగ్గర 1959 నుంచీ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నాం. చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలు ఎన్నో. మెకానికల్ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకి ఎక్కడో కొనుక్కొచ్చిన రిపోర్టు పెట్టే బదులు, ఒక ఇంజిన్ తీసుకుని, దాని కంప్రెసర్, టర్బైన్, షాఫ్ట్ బరువు లెక్క కట్టి, ఇలాంటి ఉచిత సిమ్యులేటర్‌కి ఒక మంచి ఫైల్ రాస్తే అది వాళ్ల పేరుతో ప్రపంచమంతా వాడుకుంటుంది. దానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక కంప్యూటర్, ఓపిక చాలు. అధ్యాపకులు ఎవరైనా ఒక సెమిస్టర్‌కి ప్రయత్నం చేస్తామంటే, మా నోటుబుక్కు, మా ఫైల్ రెండూ ఇస్తాను, డబ్బు మాట లేదు.

సెంటర్ పెట్టినవాళ్లకు కూడా ఒక విన్నపం. మీ పెట్టుబడి మీకు రావాలి, కాదనను. రెండు సెట్టింగ్‌లు పెట్టండి. చిన్నపిల్లలకు సరదా కోసం ఒకటి, పైలట్ అవుతానని వచ్చినవాళ్లకు నిజం ఇంజిన్ ఉన్నది ఒకటి. లివర్ తోసినా ఇంజిన్ అందుకోవడానికి టైం పడుతుందని ముందే ఒక్క మాట చెప్తే ఏ పిల్లవాడూ పాడైపోయిందనుకోడు. టేకాఫ్‌లో లివర్ ఒక్కసారే చివరికి తోయనివ్వకండి. నిజం 737లో ముందు 40 శాతం ఎన్-1 దగ్గర ఆపి, రెండు ఇంజిన్లూ సమానంగా నిలబడ్డాకే పూర్తి బలం ఇస్తారు, ఎందుకంటే ఒకటి ముందు అందుకుని ఇంకోటి వెనకబడితే విమానం పక్కకు లాగుతుంది. అది నేర్పడానికి పది సెకన్లు చాలు. నేర్చుకున్నవాడు జీవితాంతం మరచిపోడు.

ఇక మీకు. ఆ వార్త రాసిన విలేకరి మంచి ఉద్దేశంతోనే రాశారు, సందేహం లేదు. కానీ "అచ్చం నిజం విమానం" అన్న మాట మాత్రం సరికాదు. ఇంజిన్ ఆలస్యాన్ని అక్కడ తీసేశారని ఒక చిన్న సవరణ అదే జిల్లా పేజీలో వేయండి. వీలైతే ఆ విలేకరిని ఒక ఆదివారం మా ఇంటికి పంపండి, మావాడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఐడిల్ నుంచి లివర్ తోయమంటాడు, స్టాప్‌వాచ్ నేను పట్టుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ డీజిల్ షెడ్ టెక్నీషియన్,
కాజీపేట